పట్టా మీద పేరు – మన్రో దొర కథ



గత సంచిక అందాక మన సభ్యుల కుటుంబాల్లోని ఒక తల్లి ఫోను చేశారు. మరాఠీ మాధ్యమంలో చదువుకుంటున్న వాళ్ళమ్మాయి చరిత్ర పాఠంలో ‘రయతవారీ’ అనే మాట వచ్చిందట. పక్కనే థామస్ మన్రో అని పేరుందట. “ఈయనకు మన తెలుగువాళ్ళతో ఏమైనా సంబంధం ఉందాండీ? మా అత్తగారు తిరుపతి కొండమీద మన్రో గంగాళం అని ఏదో చెబుతుంటారు. ఆ మన్రో, ఈ మన్రో ఒకరేనా?” అని అడిగారు.

ఒకరేనమ్మా. సంబంధం కూడా చాలా ఉంది. ఫోనులో చెబితే తెమిలేది కాదు కనుక ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే కేటాయిస్తున్నాను.

కత్తి పట్టుకుని వచ్చినవాడు చివరికి శిస్తు లెక్కలు చూస్తూ కూర్చోవడం ఆ రోజుల్లో కొత్త సంగతేమీ కాదు. స్పెయిన్ రాజులు ఫిలిప్పీన్స్ దీవులకు గవర్నరుగా పంపిన దొరకు సైన్యాధిపత్యం కూడా ఆ పదవితోనే వచ్చేది. మన నిజాం రాజ్యంలోనే చూడండి. మెడోస్ టేలర్ అనే ఆంగ్లేయుడు నిజాం సైన్యంలో చేరి, తరవాత సురపురం సంస్థానం పాలన చూసి, 1853లో నల్దుర్గ్ జిల్లా పాలనాధికారి అయ్యాడు. తుళజాపూరు భవాని దర్శనానికి వెళ్ళేవాళ్ళందరికీ నల్దుర్గ్ కోట తెలిసిందే. కానీ సైనికుడుగా వచ్చి, తెలుగు రైతు ఇంటి ట్రంకుపెట్టె దాకా తన గుర్తు వదిలిపోయినవాడు మన్రో ఒక్కడే.

సిపాయి ఉద్యోగం నుంచి శిస్తు కచేరీకి

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ వ్యాపారం దివాలా తీసింది. విశ్వవిద్యాలయంలో చదువుకున్న కొడుకు పొట్టకూటికి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కేడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసు చేరాడు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు నిండలేదు. చిన్నప్పుడు తట్టు సోకి చెవులు కొంత మందగించాయి. ఆ చెవుడు జీవితాంతం ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

వచ్చిన ఏడాదే హైదరలీ దండెత్తాడు. మన్రో ఆ యుద్ధంలోనూ, తరవాత టిప్పుతో 1790–92లో జరిగిన యుద్ధంలోనూ పనిచేశాడు. తీరిక దొరికినప్పుడల్లా హిందుస్తానీ, పారసీ నేర్చుకున్నాడు. ఆ భాషలే ఆయన తలరాత మార్చాయి.

1792లో టిప్పు ఓడిపోయి సగం రాజ్యం వదులుకున్నాడు. అందులో బారామహల్, అంటే నేటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతం, కంపెనీకి వచ్చింది. దాన్ని పాలించడానికి మనిషి కావాలి. మద్రాసులోని సివిలు ఉద్యోగులకు దేశభాషలు రావని గవర్నరు జనరలు కారన్‌వాలీసు విసుక్కుని, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అనే సైనికాధికారిని పంపించాడు. రీడ్ కింద సహాయకులుగా వెళ్ళిన సైనికుల్లో మన్రో ఒకడు. ఏడేళ్ళు అక్కడ పొలాలు కొలిచి, ఊరూరా తిరిగి రైతులతో మాట్లాడి, పాత లెక్కలు తిరగేసి పని నేర్చుకున్నాడు. ప్రభుత్వానికీ రైతుకూ మధ్య జమీందారు అక్కరలేదు, ఏ రైతు శిస్తు ఆ రైతు నేరుగా సర్కారుకే కట్టాలి అనే ఆలోచన అక్కడే రూపు దిద్దుకుంది. అదే రైత్వారీ. మన పిల్లల పుస్తకంలోని రయతవారీ.

నిజాం వదులుకున్న నేల

ఇక్కడే మన నాందేడుకూ ఈ కథకూ ఒక లంకె ఉంది. టిప్పు దగ్గర గెలిచిన భూముల్లో నిజాముకు వాటా కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలు వచ్చాయి. తన రక్షణకు కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నందుకు నిజాం అలీఖాన్ ఏటేటా సొమ్ము చెల్లించాలి. ఆ సొమ్ముకు బదులుగా 1800 అక్టోబరు ఒడంబడికతో ఆ భూములన్నీ కంపెనీకి ధారపోశాడు. అందుకే వాటికి దత్తమండలాలని పేరు. 1928లో నంద్యాల సభల నాటి నుంచి ‘రాయలసీమ’ అని గౌరవంగా పిలుచుకుంటున్నాం.

అదే నిజాం తన దగ్గర ఉంచుకున్న భూముల్లో గోదావరి ఒడ్డున ఉన్న మన నాందేడు ఒకటి. 1948 సెప్టెంబరు దాకా నిజాం పాలనలోనే ఉండి, 1956లో బొంబాయి రాష్ట్రంలోకీ, 1960లో మహారాష్ట్రలోకీ వచ్చింది. ఒకే ఏలిక చేతిలోని రెండు నేలలు 1800లో వేరు దారులు పట్టాయన్నమాట. నేను పుట్టింది పత్తికొండ తాలూకాలో. రైల్వే ఉద్యోగం గుంతకల్లు నుంచి నాందేడుకు తెచ్చింది. ఆ రెండు దారులూ చూసినవాణ్ణి కనుక ఈ కథ మీద నాకు కాస్త మమకారం ఎక్కువ.

మన్రో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చేనాటికి ఆయనకు 39 ఏళ్ళు. 26 వేల చదరపు మైళ్ళకు పైబడిన సీమ. 80 మంది పాలెగాళ్ళు. ఒక్కొక్కడికీ కోట, కత్తులు, కట్టుబడి బంట్లు. ఊళ్ళ మీద పడి దోచుకోవడం, కప్పం కట్టమంటే ఎదురుతిరగడం. మన్రో ముందుగా సైన్యం సాయంతో వీళ్ళను అణచాడు. కొందరిని తరిమేశాడు, కొందరి కోటలు పడగొట్టించాడు, కొందరికి భరణం ఏర్పాటయింది. అణచివేత మెత్తగా జరగలేదు. సిపాయి బుద్ధి ఆయన్ను వదిలిపోలేదు.

కానీ ఆ తరవాత చేసిన పని మాత్రం సిపాయిది కాదు.

గొలుసు, గుంట, పట్టా

1802లో కొద్దిమంది గుమాస్తాలతో సర్వే మొదలైంది. 33 అడుగుల గొలుసుతో ప్రతి పొలాన్నీ కొలిచారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరాలు 40 చేరితే ఒక ఎకరం. నాందేడులో మనం ఇంటి స్థలం కొనేటప్పుడు ‘రెండు గుంఠాలు, మూడు గుంఠాలు’ అంటామే, ఆ గుంట కొలత సరిగ్గా ఇదే.

కొలిచాక నేలను మెట్ట, మాగాణి, తోట అని విడదీశారు. ఆ తరవాత మన్నును బట్టి తరగతులు. ఊరి పెద్దనూ, కరణాన్నీ, రైతులనూ పిలిచి, వాళ్ళ ఎదుట శిస్తు కట్టారు. రైతుకు తన పేరున ఒక పట్టా ఇచ్చారు. ఏ పొలం, ఎంత విస్తీర్ణం, ఎంత శిస్తు, ఏ కిస్తులో ఎంత అన్నీ అందులో ఉంటాయి. ఏటా జమాబందీ జరిగేది. విత్తనానికీ ఎడ్లకూ డబ్బు లేనివాడికి తకావీ అప్పు ఇచ్చేవారు.

కిస్తు, జమాబందీ, కచేరీ, పట్టా, తకావీ. ఈ మాటలన్నీ మన పక్కింటి మరాఠీ రైతుకూ తెలుసు. కొంచెం పలుకు తేడా, అంతే. ఇందులో వింతేమీ లేదు. మన్రో కచేరీలో దేశస్థ మరాఠీ ఉద్యోగులు చాలామంది ఉండేవారు. రెవెన్యూ లెక్కలు తెలుగు, కన్నడంతో పాటు మరాఠీలోనూ నడిచేవి. తెలుగు రైతు శిస్తును మరాఠీ గుమాస్తా రాస్తే స్కాట్లాండు దొర సంతకం పెట్టాడు. నేడు మనం ఈ ఊళ్ళో రెండు మూడు భాషల మధ్య బతకడం మనకే వచ్చిన చిక్కు అనుకుంటాం గానీ, మన తాతలకూ ఇది అలవాటే.

ఏడేళ్ళలో ఎక్కువ కాలం గుడారాల్లోనే గడిపాడు. పొద్దున్నే రైతులు గుడారం చుట్టూ మూగి మొర పెట్టుకునేవాళ్ళు. చెవులు మందగించిన మనిషి, పరాయి భాషల్లో, దుబాసీ మీదే ఆధారపడకుండా ఆ మొర వినడానికి కూర్చున్నాడు. చెవులు బాగున్న అధికారులు ఎందరు అలా కూర్చున్నారో చరిత్రలో వెతుక్కోవాలి.

పేరు రైతుది, పంట ఎవరిది?

ఇంతదాకా చదివి ‘ఆహా, ఎంత ధర్మాత్ముడు’ అనుకోకండి. లెక్క రెండో వైపు కూడా చూద్దాం.

మన్రో కట్టిన శిస్తు పంటలో సుమారు నూటికి 45 వంతులు. ఆయన పాలించిన ఏడేళ్ళలో దత్తమండలాల శిస్తు ఆదాయం దాదాపు సగం పెరిగింది. మధ్యలో 1803–04 కరువొకటి. పట్టా మీద పేరు రైతుదే గానీ, కళ్ళంలోంచి రాశిలో సగానికి దగ్గరగా కంపెనీ పట్టుకుపోయింది. పైగా శిస్తు నగదుగా కట్టాలి. వాన పడకపోయినా కిస్తు గడువు మారదు. అప్పుడు రైతు వెళ్ళేది షావుకారు గడపకే.

ఈ సంగతి మన్రోకు తెలుసు. 1807 ఆగస్టులో పై అధికారులకు రాస్తూ, శిస్తు నూటికి 25 వంతులు తగ్గించాలనీ, చెరువుల కింద, బావుల కింద నేలకు మరో 8 వంతులు తగ్గించాలనీ కోరాడు. అప్పుడు రైతు కట్టేది పంటలో మూడో వంతుకు దిగుతుంది. రైతు చేతిలో కాస్త మిగిలితేనే నేల మీద ప్రేమ పుడుతుందని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. యుద్ధాల ఖర్చు మీద ఖర్చు. ఆ ఏడాదే మన్రో సెలవు మీద స్వదేశం వెళ్ళిపోయాడు. ఆయన వెనకే రైత్వారీని పక్కన పెట్టి, ఊళ్ళకు ఊళ్ళనే గుత్తకిచ్చారు. మొదట మూడేళ్ళకు, తరవాత పదేళ్ళకు. గుత్తేదార్లు ఊళ్ళను పిండారు, చాలామంది తామూ మునిగారు.

లండనులో మన్రో ఊరుకోలేదు. 1813లో కంపెనీ పట్టా విషయమై పార్లమెంటు విచారణ జరిగినప్పుడు సాక్ష్యమిచ్చాడు. నాగరికత అనేది ఓడల్లో ఎగుమతి దిగుమతి చేసే సరుకే అయితే, ఇండియా నుంచి దిగుమతి చేసుకోవడం వల్ల ఇంగ్లండుకే లాభం అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. రైత్వారీయే మేలని కంపెనీ పెద్దలను చివరికి ఒప్పించగలిగాడు.

1814లో తిరిగివచ్చాక న్యాయస్థానాల సంస్కరణ చేపట్టాడు. 1816 చట్టాలతో ఊరి పెద్దకు చిన్న తగాదాలు తీర్చే అధికారం వచ్చింది. మన పెద్దలు ‘మునసబు గారు’ అన్నది అతన్నే. ఆ మునసబు, కరణం పదవులు 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా ఆంధ్ర పల్లెల్లో నిలిచాయి. ఇక్కడి పాటిల్, పట్వారీ జంట లాంటిదే అది.

మరాఠా యుద్ధం రాగానే మళ్ళీ కత్తి పట్టాడు. తక్కువ సైన్యంతోనే ధార్వాడ, బెళగాం వైపు కోటలు తీసుకుని, 1818 మే నెలలో షోలాపూరు కోట పట్టుకున్నాడు. మన పద్మశాలీ బంధువులు మగ్గాలతో నిలబెట్టిన షోలాపూరే అది.

1820లో మద్రాసు గవర్నరయ్యాడు. అప్పుడు, పదమూడేళ్ళ కిందట తాను అడిగిన 25 వంతుల తగ్గింపు దత్తమండలాల్లో అమలైంది. అడిగినవాడే ఇచ్చేవాడైతే గానీ రైతుకు ఆ మేలు దక్కలేదు. 1822లో రాజధాని అంతటా ఎన్ని బడులున్నాయో లెక్క తీయమన్నాడు. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు అని తేలింది. మనవాళ్ళకు చదువు తెల్లవాళ్ళే తెచ్చారనే వారికి ఈ అంకెలు చూపించవచ్చు. 1824 చివర రాసిన ఒక పత్రంలో, ఈ దేశస్థులు తమను తాము పాలించుకోగలిగిన రోజున ఇంగ్లీషువాళ్ళు తప్పుకోవడమే ఉభయులకూ మంచిదని రాశాడు. అంతదాకా పెద్ద ఉద్యోగాలు దేశస్థులకు ఇవ్వకపోవడం వల్ల జాతి శీలమే దెబ్బతింటుందన్నాడు.

జనం కట్టిన కథలు

1827లో పదవి దిగి స్వదేశం వెళ్ళేముందు, పాత దత్తమండలాలను ఒకసారి చూసి వద్దామని బయలుదేరాడు. భార్యా చిన్న కొడుకూ అప్పటికే ఇంగ్లండు వెళ్ళిపోయారు. దారిలో కలరా తగిలి జులై 6న పత్తికొండలో కన్నుమూశాడు. గుత్తి కోట కింద సమాధి చేశారు. నాలుగేళ్ళకు అస్థికలను మద్రాసు కోటలోని సెంట్ మేరీ చర్చికి తీసుకుపోయారు. 1839లో మద్రాసులో నిలిపిన ఆయన గుర్రపు విగ్రహానికి జీనూ లేదు, రికాబులూ లేవు. ఇప్పటికీ చెన్నైలో దాన్ని చూడవచ్చు.

మా నాయనమ్మ మన్రో చావు గురించి వేరేలా చెప్పేది. కడప జిల్లాలో పాపఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే గండి దగ్గర, శ్రీరాముడి కోసం కట్టిన బంగారు తోరణం ఒకటుందట. మామూలు కళ్ళకు కనబడదు. పుణ్యాత్ములకు, అదీ ఆయువు తీరే ముందు మాత్రమే కనబడుతుంది. మన్రో దొర ఆ దారిన పోతూ తలెత్తి, “ఆ బంగారు తోరణం ఎవరు కట్టారు?” అని అడిగాడట. పక్కనున్నవాళ్ళకు ఏమీ కనబడలేదు. ముసలి బంట్రోతు ఒకడు మాత్రం మనసులో దండం పెట్టుకున్నాడట.

మంత్రాలయం వెళ్ళినవాళ్ళు ఇంకో కథ వినే ఉంటారు. మఠం మాన్యం విషయం తేల్చడానికి వచ్చిన దొరతో రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి లేచివచ్చి మాట్లాడారనీ, మాన్యం నిలిచిందనీ. తిరుమలలో మన్రో గంగాళం సంగతి సరేసరి. కడుపునొప్పితో బాధపడిన దొర స్వామివారి పొంగలి ప్రసాదం తిని బాగుపడి, నైవేద్యానికి గంగాళం సమర్పించాడని చెబుతారు. ఆ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

పంటలో సగం పట్టుకుపోయిన కంపెనీ మనిషికి బంగారు తోరణం ఎందుకు కట్టారు మన పూర్వులు? అమాయకులనుకుంటే పొరపాటే. పాలెగాడు వచ్చినప్పుడు ఎంత పోతుందో లెక్క లేదు. గుత్తేదారు వచ్చినప్పుడు గింజ మిగలదు. మన్రో వచ్చినప్పుడు ఎంత కట్టాలో కాగితం మీద ఉంది, ఆ కాగితం మీద తన పేరు ఉంది, తప్పు జరిగితే వినే మనిషి గుడారంలో ఉన్నాడు. ఆ తేడాకు దండం పెట్టారు.

మనిషి పోయాక ఆ పద్ధతి ఏమైందో కూడా చెప్పాలి. వినే మనిషి లేని చోట కాగితం ఒక్కటే మిగిలింది. శిస్తు వసూలు కోసం రైతుల్ని ఎండలో వంగబెట్టి హింసించారని మద్రాసు ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే 1855లో తేల్చింది. పాలెగాళ్ళకు ఇచ్చిన భరణాలు తగ్గుతూ, ఆగిపోతూ వచ్చాయి. ఆ కడుపుమంటతోనే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. మరుసటి ఏడాది కోయిలకుంట్లలో ఉరి తీశారు. 1876–78 కరువులో దత్తమండలాల పల్లెలు కకావికలయ్యాయి. కాబట్టి మన్రోను దేవుణ్ణి చేయనక్కరలేదు, దొంగను చేయనక్కరలేదు. పరాయి కంపెనీ కోసం పనిచేసినా, ఎదుటివాడి భాషలో అతని మాట విన్నవాడుగా గుర్తుంచుకుంటే చాలు.

మన పెట్టెల్లోని కాగితాలు

ఇటు నిజాం రాజ్యంలో గుత్తల పద్ధతి చాలాకాలం నడిచింది. 1853లో దివాను అయిన సాలార్‌జంగ్ దాన్ని తీసేసి, జిల్లాలు ఏర్పరచి, బొంబాయి తరహా రైత్వారీ సర్వే మొదలుపెట్టించాడు. జాగీర్లు 1949లో పోయాయి. నేడు ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు వైపు మన కుటుంబాల దగ్గర సాత్‌బారా ఉతారా ఉంటుంది. గోదావరి అవతల నిజామాబాదు వైపు ఉన్న పొలానికి తెలంగాణ పట్టాదారు పుస్తకం ఉంటుంది. మా ఇంట్లో ఉన్నది కర్నూలు జిల్లా పట్టా. ఎకరాలూ సెంట్ల లెక్కలో మూడెకరాల చిల్లర మెట్ట నేల.

ఆ నేల అమ్మేద్దామని మా ఇంట్లో ఏడాదిగా మాట నడుస్తోంది. పిల్లల వాదనలో తప్పు లేదు. ఎవరు వెళ్తారు, ఎవరు చూస్తారు అంటారు. నాకు బెంగ నేల గురించి కంటే ఆ కాగితం గురించి. మొన్న మనవడికి చూపిస్తే, మా తాతగారి పేరు చదవలేకపోయాడు. వాడు మరాఠీ గడగడా చదువుతాడు, ఇంగ్లీషు చదువుతాడు. సముద్రాలు దాటి వచ్చిన సిపాయి మన భాషల కోసం కష్టపడ్డాడు. వాడి తాతకు తాత పేరు తెలుగులో నాలుగక్షరాలు, అది వాడికి అందలేదు. తప్పు వాడిది కాదు. అక్షరాలు దిద్దించాల్సింది ఇంట్లోవాళ్ళం.

ఆ రాత్రే పలక తెప్పించాను. అమ్మకం మాట వాడు ఆ పేరు చదివాకే అని ఇంట్లో చెప్పేశాను. అందరూ ఒప్పుకున్నారు.

అందుచేత మన సంఘ కుటుంబాలకు ఒక మనవి. మీ ఇళ్ళలో పాత పట్టాలు, పహాణీలు, దస్తావేజులు, శిస్తు రసీదులు ఉంటే ఒకసారి బయటికి తీయండి. చెదలు పట్టకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. ఒక నకలు తీయించి వేరేచోట ఉంచండి. ఊరి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ పని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ముందుగా వాళ్ళ చేత పేరు చదివించండి. కూడబలుక్కుని చదివినా సరే, పూర్తయ్యేదాకా ఓపిక పట్టండి.